మూసీ నీళ్ళ వెంట వాడపల్లి దాకా

సూర్యాపేట నుంచి వాడపల్లికి పోయి రావడం కూడా ఒక యాత్రేనా అని మా బళ్ళో ఉర్దూ చెప్పే మౌల్వీ సాబు నవ్వారు. కాశీ పోయినవాళ్ళు రాసుకుంటారు, రామేశ్వరం పోయినవాళ్ళు రాసుకుంటారు, ఎడ్లబండిలో నడుం విరగ్గొట్టుకొచ్చినవాడికి రాయడానికేముంటుంది అన్నారు. ఏముందో చెబుదామనే కూర్చున్నాను. వాడపల్లి చూడనివాళ్ళ కోసం ఇది. చూసినవాళ్ళు చదివినా తప్పులేదు. అంతకు ముందు రెండుసార్లు నేనూ చూసినవాణ్ణే. చూసిందేమీ లేదని ఈసారి తెలిసింది.

సూర్యాపేట: పరీక్షలో అడగని ప్రశ్న

పోలీసు చర్య అయిన మరుసటేడు. అప్పటికి పన్నెండేళ్ళుగా నేను చరిత్ర చెబుతున్నాను. తెలుగు పిల్లలకు, తెలుగువాణ్ణి, ఉర్దూలో. ఆ ఏటి నుంచి తెలుగులో చెప్పుకోవచ్చన్నారు గాని పుస్తకం ఇవ్వలేదు. పాత ఉర్దూ పుస్తకం చేతిలో పట్టుకుని, నోటితో తెలుగు చేసుకుంటూ ఎనిమిదో తరగతి నెట్టుకొస్తున్నాను.

ఒకరోజు తుగ్యానీ పాఠం వచ్చింది. నలభై ఏళ్ళ కింద హైదరాబాదులో మూసీకి వచ్చిన పెద్ద వరదను తుగ్యానీ అంటారు. పుస్తకంలో పేజీన్నర ఉంది. వాన కురిసింది, వంతెనలు మునిగాయి, ఇళ్ళు కూలాయి, వేలమంది పోయారు, నవాబుగారు గంజి కేంద్రాలు పెట్టించారు, తరవాత చెరువులు కట్టించారు. ఖతం. అప్పుడు సత్తెమ్మ లేచింది. తరగతికంతా ఒక్కతే ఆడపిల్ల. గొల్లవాళ్ళ పిల్ల.

"పట్నంల పొంగిన నీళ్ళు గా తర్వాత ఎటు పోయినయ్ సార్?"

నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. తెలియక కాదు. మూసీ మా ఊరికి కొద్ది మైళ్ళ దూరంలోనే పారి, కిందికి పోయి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుందని గొడ్లు కాసేవాడికి కూడా తెలుసు. కానీ పుస్తకంలో నీళ్ళు పట్నం దాటలేదు, పన్నెండేళ్ళలో నేనూ దాటించలేదు. "పరీక్షలో అది అడగరు, కూర్చో" అని కసిరాను. కూర్చుంది. ఆ వారమంతా మరి లేవలేదు.

నాకు కోపం తొందరగా వస్తుంది, సిగ్గు ఆలస్యంగా వస్తుంది. ఆదివారం నాటికి వచ్చింది. సోమవారం బడికి పోయి, మూసీ నీళ్ళు ఎటు పోయాయో చూసొద్దాం, ఎవరొస్తారన్నాను. పదకొండు మంది చేతులెత్తారు. ఇళ్ళల్లో ఒప్పుకున్నది ఇద్దరికే. ఒకడు ఖాదర్, వడ్రంగి కొడుకు. పోలీసు చర్య తరవాత వాళ్ళ నాయన కొన్నాళ్ళు దుకాణం తెరవలేదు. పిల్లవాణ్ణి పంపిస్తారనుకోలేదు. "మీతో అయితే పంపుత సార్" అన్నాడాయన.

రెండోది సత్తెమ్మ. ఆమె ఇంటికి పోతే వాళ్ళ నాయనమ్మ కొమురమ్మ దొడ్డి దగ్గరే నిలబెట్టింది. అరవై ఏళ్ళుంటాయి. గొర్రెపిల్లకు పాలు పట్టిస్తూ తల ఎత్తకుండానే మాట్లాడింది.

"ఇగ బడి సాలు పంతులూ. మోతె ఊర్ల మేనబావ ఉన్నడు. ఉగాది ఎల్లంగనే లగ్గం."

"ఈ పిల్ల తెలివి నీకు తెలవదవ్వా. ఇంకో రెండేళ్ళు చదివితే మెట్రిక్ అయితుంది."

"సదువేస్తే ఉన్నమతి పోయిందంట. ఏం జెప్తవ్ నువ్వు గాడ? రాజుల పేర్లే గద. గా రాజులు మా గొర్రెలు కాసిన్రా?"

ఈసారి నదిని చూపించి పాఠం చెబుతానన్నాను. ఆమె తల ఎత్తి, ఏ నది అంది. మూసీ అన్నాను. గొర్రెపిల్లను వదిలి లేచింది.

"నేనొస్త. నీ సదువేందో సూస్త. నాకు నచ్చితే లగ్గం ఆపమని మోతెకు కబురు పంపుత, నచ్చకుంటే నువ్వు మల్లా మా వాకిట్లకు రావొద్దు. సమ్మతమేనా?"

సమ్మతమే అన్నాను. పాఠం చెప్పేదీ పంతులే, పరీక్ష రాసేదీ పంతులే. వింత ఏర్పాటే.

కోదాడ: రెండో పుస్తకం

తిన్నగా మిర్యాలగూడ పోకుండా కోదాడ చుట్టు తిరగడానికి కారణం పుస్తకం. కోదాడలో ఒక మిత్రుడు బెజవాడ నుంచి తెలుగు చరిత్ర పుస్తకాలు తెప్పించి ఉంచాడు. ఆంధ్రా సరిహద్దు పక్కనే కాబట్టి కోదాడకు రెండు వైపుల గాలీ తగులుతుంది. నాణేల సంగతీ అంతే, దుకాణంలో మన నైజాం హాలీ రూపాయి ఇస్తే ఇంగ్లీషువాళ్ళ కల్దారు లేదా అని మొహం చూస్తారు.

హోటలాయన మాట చూడండి. మా సూర్యాపేటలో అయితే "ఏం గావాలె" అని బల్ల మీద గుడ్డ విసురుతారు. ఈయన "రండి మాస్టారూ, ఎండనపడి వచ్చారు, ముందు మజ్జిగ పుచ్చుకోండి" అన్నాడు. మర్యాదకు పొంగిపోయేలోపే రెండో మాట వచ్చింది. "మీరు లోపలికి దయచేయండి. పిల్లలకూ ఆవిడకూ అరుగు మీద వడ్డిస్తాం." నా జంధ్యం చొక్కా సందులోంచి కనిపించింది కాబోలు.

"నువ్వు లోపల తిను పంతులూ. మాకు యాడ తిన్నా ఒకటే కడుపు" అంది కొమురమ్మ, తేలిగ్గా.

ఆమె అంత తేలిగ్గా అనడమే నాకు కష్టమైంది. బళ్ళో సమానత్వం మీద పాఠం చెప్పి హోటల్లో లోపలికి పోతే, ఈ యాత్ర ఇక్కడే ముగిసినట్టు. అరుగు మీదే కూర్చున్నాను. మొదటి రెండు ముద్దలు గొంతు దిగలేదు, అబద్ధమెందుకు. మూడో ముద్దకు గోంగూర పచ్చడి వడ్డించారు, అప్పుడు దిగింది. సన్నబియ్యం అన్నం మల్లెమొగ్గల్లా ఉంది. కొమురమ్మ మాత్రం సగం తిని ఆపేసింది. "గీ బువ్వ గాలి లెక్కనున్నది. నోట్లకు పోయినట్టే తెలుస్తలేదు" అని మూటలోంచి జొన్నరొట్టె తీసింది. ఖాదర్ కూడా ఒక ముక్క అడిగి తీసుకున్నాడు.

మిత్రుడిచ్చిన పుస్తకాన్ని సత్తెమ్మ ఆ అరుగు మీదే మొదటి పుట నుంచి చివరి పుట దాకా తిప్పింది. తెలుగు అక్షరాల్లో అచ్చయిన చరిత్ర పుస్తకం చేతబట్టుకోవడం ఆమెకు అదే మొదలు. వేలు పెట్టి వెతికి, చివరికి నావైపు చూసింది. "ఇందుల మూసీయే లేదు సార్." నిజమే. ఆ పుస్తకం కృష్ణ అవతలి ఒడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. ఒక పుస్తకంలో నీళ్ళు పట్నం దాటవు, ఇంకో పుస్తకంలో నీళ్ళే లేవు. మనం ఉన్నది ఆ రెంటికీ మధ్య.

మిర్యాలగూడ దారిలో: గొర్రెల పంచాంగం

హుజూర్‌నగర్ మీదుగా బండి ప్రయాణం. దారి పొడుగునా మిలిటరీ క్యాంపులు. స్టాంపు కొట్టిన చీటీ చూపిస్తే తప్ప కదలనివ్వరు. రెండో క్యాంపు దగ్గర నా చీటీ కనబడలేదు. ఖాకీ కోటు జేబులన్నీ తిరగేశాను. సిపాయి మొహం బిగిసింది. తీరా చూస్తే అది ఉర్దూ పుస్తకంలో తుగ్యానీ పేజీ దగ్గర గుర్తుకు పెట్టి ఉంది. పెట్టింది నేనే. పిల్లలు నవ్వు ఆపుకోలేక బండి వెనక్కి పోయారు.

ఈ దారిలోనే నా పాఠ్యప్రణాళిక బోల్తా పడింది. ప్రతి మజిలీలో ఒక పెద్దమనిషిని ఒక పాత సంగతి అడిగి, అది ఏ సంవత్సరమో రాసుకోవాలని పిల్లలకు చెప్పాను. పెద్దలు సంగతులు చెబుతారు, సంవత్సరం అడిగితే ఆకాశం చూస్తారు. ఒక ముసలాయన "మా పెద్దెద్దు సచ్చినేడు" అన్నాడు. నేను విసుక్కున్నాను. ఇట్లా అయితే చరిత్ర ఎట్లా రాస్తారన్నాను. పగ్గాలు పట్టుకు కూర్చున్న కొమురమ్మకు నచ్చలేదు.

"నీకు ఎద్దు కనవడలే గని, గాయినకు కనవడ్డది. మేమూ గట్లనే లెక్కవెడతం. బొబ్బరోగమొచ్చి మంద సగం పోయినేడు సత్తెమ్మ నాయన పుట్టిండు. గత్తరొచ్చినేడు మా మామ పోయిండు. జొన్న పండకుంట తుమ్మకాయ మేపినేడు చిన్నబిడ్డ లగ్గం చేసినం. యాదికి ఏం తక్కువైంది?"

బొబ్బరోగమంటే గొర్రెలకు వచ్చే అమ్మవారు, గత్తరంటే కలరా. సత్తెమ్మా ఖాదరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కాగితం మీద రెండు గళ్ళు గీశారు. ఒక గడిలో రోగాలూ కరువులూ వానలూ, రెండో గడిలో పుట్టిన వాళ్ళూ పోయిన వాళ్ళూ. మిర్యాలగూడ చేరేసరికి కాగితం రెండువైపులా నిండింది. ఒక్క వరుస మాత్రం ఖాళీగా ఉంది. తుగ్యానీ అయిన ఏడు మీ మంద ఎక్కడుందవ్వా అని ఖాదర్ అడిగితే ఆమె వినబడనట్టు ఎడ్లను అదిలించింది.

మిర్యాలగూడ అంగడిలో వేరుశనక్కాయలు మా ఊరికన్నా చవక, చాయ్ మా ఊరికన్నా నీళ్ళు. మందులా మింగి, రాత్రికి ఒక కోమటాయన కొట్టు పంచలో పడుకున్నాం. తెల్లవారి బయలుదేరబోతుంటే కొమురమ్మ కదలలేదు.

"ఇగ మర్లిపోదాం పంతులూ. గాడ ఏముంటది? నీళ్ళు, ఇసుక."

"అవ్వా, దాని కోసమే కదా ఇంతదూరం వచ్చింది. మళ్ళిపోతే నా పాఠం నచ్చినట్టా, నచ్చనట్టా?"

ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుని అటు తిరిగింది. మోతె లగ్గం ఖాయమయినట్టే అనుకున్నాను. సత్తెమ్మ కూడా అదే అనుకుందేమో, మొహం చిన్నబుచ్చుకుని తన పుస్తకాల సంచీని ఒళ్ళోకి లాక్కుంది. కాసేపటికి ముసలామె తనే లేచి బండెక్కింది.

వాడపల్లి: బెస్తవాళ్ళ దర్వాజ

వాడపల్లిలో గుళ్ళు చూడాల్సినవే. వాటి గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నేను చెప్పను. నేను చెప్పేది నది వైపు వాడకట్టులో ఒక మట్టి ఇల్లు గురించి. దాహమై నీళ్ళడుగుదామని ఆగాం. తాటాకు కప్పు, వంగితే గాని దూరలేని చూరు, దాని కింద మాత్రం నవాబుల దేవిడీకి ఉండాల్సిన టేకు దర్వాజ. తీగలూ పువ్వులూ చెక్కి ఉన్నాయి. పట్టకపోతే కింద కోసి మరీ నిలబెట్టారు.

ఖాదర్ వడ్రంగి కొడుకు కదా, కళ్ళు మెరిశాయి. పై కమ్మీ మీద దుమ్ము తుడిచాడు. "మాషా అల్లా అని రాసున్నది సార్. కింద హిజ్రీ సంవత్సరం ఉన్నది." ఇద్దరూ లెక్కలు కట్టడం మొదలుపెట్టారు. నేను నోటు రాసుకోవడానికి కాగితాలు తీశాను. అన్నిటికన్నా పైన ఉన్నది ఆ స్టాంపు కొట్టిన మిలిటరీ చీటీ.

ఇంటాయన నీళ్ళ చెంబుతో బయటికి వచ్చాడు. పేరు పోచయ్య, కృష్ణలో పుట్టి అనే గుండ్రటి బుట్టపడవ నడిపే మనిషి. మా ఖాకీ కోటూ, స్టాంపూ, ఉర్దూ చదివే పిల్లవాణ్ణీ చూశాడు. చెంబు కింద పెట్టి చేతులు జోడించాడు.

"దొరా, దర్వాజ ఊడదీసి ఇస్త. మా అయ్య ఆ పెద్ద వరదల ఏట్లకెళ్లి తెచ్చిండు, నేను పోరగాణ్ణి అప్పుడు. నన్ను క్యాంపుకు తీస్కపోకుండ్రి."

మొదట నాకు అర్థం కాలేదు. తరవాత అయింది. పోలీసు చర్య తరవాత దోపిడీ సొమ్ము ఎవరింట్లో ఉందో అని మిలిటరీవాళ్ళు ఊరూరా వెతికారు. నలభై ఏళ్ళ కిందటి వరదలో కొట్టుకొచ్చిన దర్వాజ కోసం కూడా వచ్చారనుకున్నాడు. కాదయ్యా, నేను బడిపంతుల్ని అంటే నమ్మడు. బడిపంతులు దర్వాజలెందుకు చూస్తాడని అతని అనుమానం, న్యాయమే. గడ్డపార కోసం లోపలికి పోబోయాడు. వాళ్ళ ఆవిడ గోడకానుకుని ఏడుస్తోంది. నా జన్మలో నేను ఇంతగా ఎవర్నీ భయపెట్టలేదు, అదీ ఒక పాఠం కోసం.

అప్పుడు కొమురమ్మ ముందుకొచ్చి అతని రెక్క పట్టుకుంది.

"ఆగు తమ్మీ. నీ దర్వాజ ఎవలూ అడగరు. నీ తీరుగ ఆ నీళ్ళల్ల తీస్కున్నోళ్ళు మస్తుమంది. నేను గూడ తీస్కున్న."

సంగమం దగ్గర

పోచయ్యే మమ్మల్ని ఒడ్డుకు తీసుకుపోయాడు. ఎడమన మూసీ, ఎదుట కృష్ణ. మాఘమాసం కాబట్టి మూసీ ఇసుకలో సన్నగా, సాధువుగా వస్తోంది. కొమురమ్మ ఒక చోట ఆగి కూర్చుంది. మేమూ కూర్చున్నాం. నేను పాఠం చెప్పడానికి పుస్తకం తెరిచాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు ఆపు పంతులూ. ఇయ్యాల నేను జెప్త.

"మేతకొచ్చిన మా మంద గాడ, ఆ దిబ్బ మీదుండె. సత్తెమ్మ పెదనాయన నా కడుపులుండె. వాన మాకు పెద్దగ లేదు. తెల్లారి లేచి సూస్తే ఏరు ఎర్రగ, ఇంత ఎత్తున వస్తున్నది. ఏందో అర్థంగాలే. ముందుగాల మంచాలొచ్చినయ్. దూలాలు, దర్వాజలు, తొట్టెలు, కట్టేసిన బర్లు కట్టుగొయ్యలతోనే. ఊరంత కొక్కేలు వట్టుకొని ఉరికిన్రు. మా ఆయిన గూడ ఉరికిండు. మూడోనాడు నీళ్ళు తగ్గినంక ఒక పిల్ల తుమ్మచెట్టుకు తట్టుకొని ఉన్నది. గీ సత్తెమ్మంత ఉంటది. జడేసి ఉన్నది. ఎవలు వేసిన్రో, మంచిగ బిగిచ్చి వేసిన్రు, అన్ని నీళ్ళల్ల వచ్చినా ఊడలే."

ఖాదర్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"తురకల పిల్లనో, మనోళ్ళ పిల్లనో, ఎవలకెరుక. కాలికి వెండి కడెం ఉండె, ఒక్క కాలికే. మా అత్త తీసింది. నేను కాళ్ళు వట్టుకున్న, ఆమె తీసింది. పిల్లను గాడ దిబ్బ మీద మనోళ్ళను వెట్టినట్టే మన్నుల వెట్టినం. కడెం అమ్మి రెండు గొర్రెపిల్లలు కొన్నం. ఆ బొబ్బరోగం వచ్చినేడు మంద సగం పోయింది జూడు, మిగిలినయన్ని ఆ రెంటి కడుపుల పుట్టినయే. గీ పిల్ల తాగిన పాలు, కట్టిన బట్ట, అన్ని గా మందల్నుంచే. ఇన్నేండ్లల్ల ఎవలతోని అనలే."

పోచయ్య ఇసుకలోకి చూస్తూ కూర్చున్నాడు. పన్నెండేళ్ళు నేను 'వేలమంది' అని చెప్పి పేజీ తిప్పేశాను.

కొమురమ్మ నా ఒళ్ళో పుస్తకం వైపు వేలు చూపించింది.

"నీ బుక్కుల ఆ పిల్ల ఉన్నదా?"

"లేదవ్వా."

"కోదాడల తెచ్చిన దాంట్ల?"

"అందులోనూ లేదు."

"మరెందుకు పంతులూ గవి?"

పరీక్షలో తప్పాననే అనుకున్నాను. తల వంచుకున్నాను. అప్పుడు కనిపించింది, సత్తెమ్మ పెన్సిల్ ఆగలేదు. నాయనమ్మ నోరు తెరిచినప్పటి నుంచీ రాస్తూనే ఉంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు, రాస్తోంది. ఏం రాస్తున్నవే అంది ముసలామె. సత్తెమ్మ చదివి వినిపించింది. నాయనమ్మ ఎట్లా చెప్పిందో అట్లాగే, ఒక్క మాట దిద్దకుండా. నేనయితే దిద్దేవాణ్ణి.

కొమురమ్మ కళ్ళు మూసుకుని విన్నది. జడ దగ్గర ఆపమని, మళ్ళీ చదవమంది. తరవాత, "కడెం నేను తీసిన్నని రాయి. అత్త పేరు వద్దు, సచ్చి శానేండ్లాయె. కాళ్ళు వట్టుకున్నది నేనే గద" అంది. సత్తెమ్మ కొట్టేసి రాసింది.

"ఇగ ఇది పోదా?"

"పోదు నాయనమ్మా. బడిల పెడత. సార్ దగ్గర ఒకటి ఉంటది, నా దగ్గర ఒకటి."

ముసలామె నావైపు తిరిగింది. "మెట్రిక్ దాకా ఇంకెన్నేండ్లంటివి?"

"రెండేళ్ళవ్వా."

"మోతెకు మనిషిని పంపుత. ఆగుతే ఆగుతరు, లేకుంటే వాళ్ళ దారి వాళ్ళది." కొంగుతో ముక్కు తుడుచుకుని మనవరాలి దగ్గరికి జరిగింది. "రెండేండ్లు నేనుంటనో ఉండనో. పెన్సిలు సెక్కుకోవే. నన్ను గన్న అవ్వ పేరు లింగమ్మ. ఆమెను గూడ ఎవలూ రాయలే, రాసుకో."